గోదా మన్ను, నల్లేరు కాడ, వెదురు కర్ర

కుస్తీ గోదా అంటే గుంట తవ్వి దిగిపోవడం కాదు. ముందు మెత్తటి మన్ను తెచ్చి జల్లెడ పట్టాలి. గులకరాయి, పెంకు, వేరుముక్క ఏదీ మిగలకూడదు. అందులో నువ్వుల నూనె, మజ్జిగ, పసుపు, ఎండబెట్టి నూరిన వేపాకు కలిపి, నీళ్ళు చిలకరించి, రోజూ పారతో కిందిది పైకి తిరగెయ్యాలి. నూనె ఉంటే మన్ను ఎండి గట్టిపడదు. పసుపూ వేపా ఉంటే గీరుకుపోయిన చోట చీము పట్టదని సాము గురువులైన వస్తాదుల నమ్మకం. ఆ రెంటికీ సూక్ష్మజీవులను అణిచే గుణం ఉందని ప్రయోగశాలల్లోనూ తేలింది. కుస్తీ నేర్చుకుంటానని వచ్చిన కుర్రాడి చేతికి వస్తాదు మొదట పారే ఇస్తాడు. గంటసేపు మన్ను తిరగేస్తే నడుము, భుజాలు, మణికట్లు పట్టు నేర్చుకోకముందే పని నేర్చుకుంటాయి.

ఒంటి బలానికి మూలికలు అనగానే ఈ రోజుల్లో అందరూ అడిగేది ఒకటే. ఏ వేరు, ఏ చూర్ణం, ఎన్నాళ్ళు? మందుల షాపులో సీసాలూ ఫోన్లో ప్రకటనలూ జవాబిచ్చేది ఆ ప్రశ్నకే. బాపట్ల, రేపల్లె, నిజాంపట్నాల మధ్య ఇసక నేలల్లోనూ, తెనాలి వైపు నల్లరేగడి మాగాణుల్లోనూ పెద్దలు పాటించిన పద్ధతి ఆ ప్రశ్నను అలా విడిగా అడగదు. అక్కడ మన్ను, నూనె, తిండి, ఆకు, ఊపిరి, కర్ర అన్నీ ఒకే సాధనలో భాగాలు. అందులోంచి ఒక్క వేరును లాగి సీసాలో పెడితే దాని బలం చాలావరకు గోదాలోనే ఉండిపోతుంది. మూలికకు విలువ లేదని నేననడం లేదు. దాని చోటేదో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుందని అంటున్నాను.

నిజాంపట్నం ఇవాళ చేపల రేవు. నాలుగు వందల ఏళ్ళ కిందట యూరప్ వాళ్ళు పెటపోలి అని రాసుకున్న బట్టల రేవు. 1606లో డచ్చి వాళ్ళు ఇక్కడ కొఠీ పెట్టారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ ముందు ఇక్కడికే వచ్చి, తర్వాత మచిలీపట్నం వెళ్ళింది. వాళ్ళను ఇంత దూరం రప్పించిన సరుకుల్లో, ఎన్ని ఉతుకులకూ వెలవని ఎర్రరంగు అద్దిన బట్ట ఒకటి. ఆ ఎరుపు తీరపు ఇసకలో పెరిగే సిరివేరుది. ఏ నేలలో వేరు గట్టిది, ఏ వయసులో తవ్వాలి, ఎలా ఎండబెట్టాలి అన్నది ఈ తీరం వాళ్ళకు పుస్తకం లేకుండా వచ్చిన విద్య. మందువేరును ఎంచడం దానికి పొరుగునే ఉండే విద్య.

రేవన్నాక కాపలా కూడా కావాలి. రాత్రి కళ్ళంలో ధాన్యానికి, సంతనుంచి తిరిగొచ్చే బండికి, ఒడ్డుకు లాగిన పడవకు కర్ర పట్టిన మనిషే అండ. అందుకే తాలింఖానా, అంటే సాము నేర్పే చోటు, పెద్ద ఊళ్ళకే పరిమితం కాలేదు. పీర్ల పండుగకు పీరు ముందు కత్తిసాము, దసరాకు వీధిలో కర్రసాము చేసినవాళ్ళు తరచు ఒకే వస్తాదు శిష్యులు. ఆంజనేయుడి పటం ఉన్న గోదాలో ముస్లిం వస్తాదు పట్లు నేర్పడం తెలుగు నేలలో ఎవరికీ వింతగా తోచలేదు.

కర్ర గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. వెదురంతా కర్రకు పనికిరాదు. లోపల గుల్ల తక్కువగా, గట్టిగా ఉండే సాధనపు వెదురు కావాలి. అదీ ముదిరినది. లేత వెదురుకు పుచ్చు పురుగు తొందరగా పడుతుంది. నరికిన కర్రను నీళ్ళలో నానేస్తే పురుగును పిలిచే పిండిపదార్థం చాలావరకు ఊరి బయటకు పోతుంది. నీడన ఆరబెట్టి, వంకరున్న చోట మంట సెగ చూపించి, వేడిమీదే వంచి తిన్నగా చేస్తారు. కణుపులు చెక్కి నునుపు చేసి, నూనె పట్టిస్తారు. నూనె తాగిన కర్ర దెబ్బకు వంగుతుంది గాని చిట్లదు. నేలమీద నిలబెడితే పట్టేవాడి చెవి దాకా రావాలని ఒక కొలత, నుదుటి దాకా రావాలని ఇంకొకటి. ఊరిని బట్టి, వస్తాదును బట్టి మారుతుంది.

కర్ర చేతికి వచ్చాక కూడా ముందు నేర్పేది కొట్టడం కాదు, నిలబడడం. కాళ్ళు భుజాల వెడల్పున, మోకాళ్ళు కొద్దిగా వంచి, బరువు మడమల మీద కాకుండా పాదం ముందుభాగాన ఉండాలి. తర్వాత అడుగులు. ముందుకు, వెనక్కు, పక్కకు, నాలుగు దిక్కులకూ తిరిగే అడుగులు. కర్ర లేకుండానే కొన్ని వారాలు ఇదే. ఆ పైన మణికట్టు తిప్పడం, కుడిచేత్తో, ఎడమచేత్తో, తల వెనక నుంచి, నడుము చుట్టూ. కర్రను చివర పట్టుకోరు, మూడో వంతు వదిలి పట్టుకుంటారు. ఆ వదిలిన పొట్టి కొసే దగ్గరికి వచ్చినవాణ్ణి నెట్టడానికి పనికొస్తుంది. తల, భుజాలు, డొక్కలు, మోకాళ్ళు, ఈ వరసలో కాపు, అంటే దెబ్బ కాచుకోవడం, నేర్పుతారు. ఎదుటివాడి కర్రను చూడకూడదు, వాడి భుజాన్ని చూడాలి. దెబ్బ ఎటు రాబోతోందో కర్రకంటే ముందు భుజమే చెబుతుంది. బాగా తిరిగే కర్ర మనిషి చుట్టూ ఒక దడి కడుతుంది. ఆ దడి దాటి నలుగురు ఒకేసారి రాలేరు. ఆత్మరక్షణకు అంతకుమించి అక్కర్లేదు. దారి దొరికేదాకా దూరం ఉంచడం, దారి దొరకగానే వెళ్ళిపోవడం. నిజమైన వస్తాదులు ఈ మాటను సిగ్గుపడకుండా చెబుతారు.

ఆయువుపట్లను చిట్టచివర చెబుతారు, అందరికీ చెప్పరు. సుశ్రుతుడి లెక్కలో ఒంట్లో మర్మస్థానాలు 107. కణతలు, మెడ పక్కలు, గుండె, నాభి, గజ్జలు అందులోవే. ఈ తెలివి రెండు వైపులా పదునున్నది. ఎక్కడ కొడితే ప్రాణం పోతుందో తెలిసినవాడికే, నూనె రాసేటప్పుడూ విరిగిన ఎముక సర్దేటప్పుడూ ఎక్కడ గట్టిగా నొక్కకూడదో తెలుస్తుంది. సాము నేర్పే గురువే చాలా ఊళ్ళలో బెణుకులు సరిచేసే వైద్యుడు కూడా కావడం అందువల్లే.

దండీలు, బస్కీలు, గద తిప్పడం, సంగిడి రాళ్ళు ఎత్తడం ఇవన్నీ బరువును ఊపిరితో కలిపి మోసే పద్ధతులు. దండీలో ఒళ్ళు కిందికి దిగి ముందుకు పాకి పైకి లేచే ఒక్క కదలికలో అరచేతి నుంచి అరికాలి దాకా పని లేని కండ ఉండదు. కోడి రామమూర్తి నాయుడి గొలుసు తెంచడం మన తాతలు కథలుగా చెప్పుకున్నారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ కంపెనీ నడిపి, 1942లో కన్నుమూసిన ఆ మల్లుడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి పూరించి దాన్ని తెంచేవాడు. తినేది శాకాహారం. ప్రాణాయామ సాధన గురించి ఆయన ఎప్పుడూ దాచలేదు. అయినా ఆయన ఏ లేహ్యం తిన్నాడని అడిగినవాళ్ళే ఎక్కువ.

సాధనకు ముందూ వెనకా నూనె ఉంటుంది. నువ్వుల నూనె రోజువారీకి, ఆముదం కీళ్ళకు. పాదాల నుంచి మొదలుపెట్టి గుండె వైపుకు రాస్తారు. కీళ్ళ దగ్గర గుండ్రంగా, కండల మీద పొడవుగా. నూనె పట్టించాక శనగపిండితోనో పెసరపిండితోనో నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు. ఆయుర్వేదం వాత నొప్పులకూ చిక్కిపోయిన కండలకూ చెప్పే మహామాష తైలంలో ముఖ్యమైన వస్తువు మినుములు. మా కృష్ణా డెల్టాలో ఆ మినుముకు ఉన్న చోటు వేరు. తెనాలి, రేపల్లె మాగాణుల్లో వరి ఇంకా కోయకముందే, తడి ఆరని చేలో మినుములు చల్లేస్తారు. కోత అయ్యాక మిగిలిన చెమ్మ మీదా, మంచు మీదా ఆ పైరు ఎదుగుతుంది. మినుముల్లో మాంసకృత్తులు నూటికి 25 పాళ్ళ దాకా ఉంటాయి. దోరగా వేయించి, తిరగలిలో విసిరి, బెల్లమూ నెయ్యీ చేర్చి కట్టే సున్నుండ పెద్దమనిషైన పిల్లకూ పెడతారు, గోదాలో దిగే పిల్లాడికీ పెడతారు. బలానికి మా ప్రాంతం కనిపెట్టిన మొదటి మందు ఇదేనని నా అభిప్రాయం. దీన్ని తయారు చేసింది వస్తాదులు కాదు, అమ్మమ్మలు, నాయనమ్మలు. వ్యాయామశాలల చరిత్ర రాసినవాళ్ళు వాళ్ళను తలుచుకోకపోవడం నాకు నచ్చదు.

తీరంలో ఇంకో తిండి, ఇంకో సాము. ఒడ్డున నిలబడి అలివి వల లాగే మనిషికి విడిగా బస్కీలు అక్కర్లేదు. మడమలు ఇసకలో దిగేసి, నడుం వెనక్కి వాల్చి, అందరూ ఒకే ఊపున లాగే ఆ లాగుడు గంటల తరబడి సాగుతుంది. ఆ ఇళ్ళలో ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు, బాలింతకు పాలసొర పుట్టు, వానాకాలానికి దాచిన ఎండుచేప బలమైన తిండ్లు. సముద్రం మీద దెబ్బలు కూడా వేరు. జెల్ల ముల్లు దిగితే భరించలేని పోటు. దానికి వేడి కాపడం పెట్టడం మంచి పద్ధతి. చేపముళ్ళలో ఉండే విషాలు వేడికి విరుగుతాయని వైద్యశాస్త్రం కూడా ఒప్పుకుంది. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఆ చోటును ఉంచమని ఇప్పటి వైద్యులూ చెబుతారు. ముల్లు విరిగి లోపల ఉండిపోతే మాత్రం ఆసుపత్రే.

దెబ్బల వైద్యం తాలింఖానాకు గుండెకాయ. బెణుకుకు పసుపూ సున్నమూ కలిపిన పట్టు. కలపగానే ఎర్రబడే ఆ ముద్దను గోరువెచ్చగా రాసి గుడ్డ చుడతారు. వాపు ఎక్కువుంటే వావిలాకు. వావిలి కొమ్మలు నీళ్ళలో మరిగించి ఆ ఆవిరి పట్టడం, ఆ నీళ్ళతోనే స్నానం, ఆకును నూనెలో వెచ్చచేసి కట్టడం. చింతాకు కాపడం ఇంకొందరిది. కోసుకుపోయిన చోట రక్తం ఆగడానికి అప్పటికప్పుడు అరచేతుల మధ్య నలిపి పిండే ఆకు గాయపాకు. గడ్డి చామంతి అని కూడా అంటారు. పసుపుపచ్చ మధ్యభాగం, చుట్టూ నాలుగైదు తెల్ల రేకలు, సన్నటి పొడుగు కాడ. ప్రతి గట్టు మీదా ఉంటుంది.

ఈ గాయపాకు విషయం నాకు చాలా ఇష్టం. తాతముత్తాతల నాటి మందు అని మనం చెప్పుకునే ఆ మొక్క మన దేశానిదే కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి ఓడల కాలంలో వచ్చిన కలుపు. ఎవరో దాన్ని గాయం మీద పెట్టి చూశారు. పనిచేసింది. పక్కవాళ్ళకు చెప్పారు. నైజీరియాకూ అదే మొక్క చేరింది, అక్కడివాళ్ళూ దాన్ని గాయాల మీద పిండుతున్నారు. మన వేప కూడా 20వ శతాబ్దంలో పశ్చిమాఫ్రికా చేరి, అక్కడ డొంగోయారో అనే పేరుతో జ్వరాల కషాయమైంది. సంప్రదాయం అంటే కదలని శిల అనుకునేవాళ్ళు ఈ రెండు మొక్కల ప్రయాణం చూడాలి. పెద్దలు కొత్త ఆకును పరీక్షించారు, నచ్చితే ఉంచుకున్నారు. పరీక్ష వాళ్ళ పద్ధతిలో భాగమే.

తెనాలి నుంచి విజయవాడ వెళ్ళే దారిలో దుగ్గిరాల ఉంది, పసుపు మార్కెట్టుకు పేరు పొందిన ఊరు. గాయానికి పసుపు అద్దడం ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి సరిగ్గా ఆ గుణం మీదే పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలనూ వ్యాసాలనూ సాక్ష్యంగా పెట్టి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. అమ్మకు తెలిసిన సంగతి ఎక్కడో రాసి ఉండబట్టి గెలిచాం. రాసి లేని సంగతులు ఇంకెన్నో ఉన్నాయి. సాంప్రదాయ విజ్ఞానపు డిజిటల్ గ్రంథాలయం ఆ తర్వాతే మొదలైంది.

ఎముకలకు నల్లేరు. నాలుగు పలకల ఆకుపచ్చ కాడ, ప్రతి కణుపు దగ్గరా సన్నటి నొక్కు, దడి మీద పాకుతూ ఉంటుంది. లేత కణుపులు కోసి పచ్చడి చేస్తారు. కోసేముందు చేతులకు నూనె రాసుకోవాలి, లేకపోతే దురద. అందులో సూదుల్లాంటి కాల్షియం ఆక్జలేట్ స్ఫటికాలు ఉంటాయి. అందుకే నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు పులుపు దట్టిస్తారు. వంటింటి ఈ జాగ్రత్తే ఔషధ తయారీలో శుద్ధి చేయడం. విరిగిన ఎముక మీద దాన్ని నూరి కట్టడం మన దగ్గర పాతకాలపు పని. 1960లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ అనే వైద్య పరిశోధకులు జంతువుల మీద ప్రయోగాలు చేసి, నల్లేరు ఇచ్చినవాటికి ఎముక త్వరగా అతికిందని చూపించారు. తిరుపతి జిల్లా పుత్తూరులో తరతరాలుగా కట్టు కడుతున్న కుటుంబం ఆకు ముద్ద, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు వాడి వేలమంది చేతులూ కాళ్ళూ నిలబెట్టింది. అక్కడ కూడా రహస్యమంతా ఆకులో లేదు. ఎముకను తిన్నగా పట్టుకుని సర్దే వేళ్ళలో ఉంది, దబ్బలు కదలకుండా బిగించడంలో ఉంది. చర్మం చీల్చుకుని ఎముక బయటికి వచ్చినప్పుడు, తలకో వెన్నెముకకో దెబ్బ తగిలినప్పుడు ఏ కట్టూ పనికిరాదు. సరాసరి శస్త్రచికిత్స.

ఇక అందరూ అడిగే వేర్ల దగ్గరికి వద్దాం. పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, అనంతపురం, కర్నూలు వైపు పండిస్తారు. పాలలో కాచి రాత్రిపూట తాగడం పాత పద్ధతి. దీని మీద 2015లో వెలువడిన ఒక పరిశోధనలో 57 మంది మగవాళ్ళు 8 వారాలు బరువుల సాధన చేశారు. సగంమంది రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల వేరుసారం, మిగతావాళ్ళు మందులేని బిళ్ళ వేసుకున్నారు. పడుకుని ఛాతీ మీంచి ఎత్తే బరువు పెన్నేరు వాళ్ళకు సుమారు 46 కిలోలు పెరిగింది, మిగతావాళ్ళకు సుమారు 26. మంచి ఫలితమే. కాని రెండో అంకెను కూడా చదవండి. ఏ వేరూ తినకుండా, సాధన ఒక్కటే చేసి, వాళ్ళు 26 కిలోలు సంపాదించారు. ఇదే వేరుసారం బిళ్ళలు వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా వైద్యపత్రికల్లో ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. గర్భిణులు, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు దాని జోలికి పోకూడదు.

పల్లేరుది మరో సంగతి. సూర్యలంక నుంచి నిజాంపట్నం దాకా ఇసక దారుల్లో చెప్పుల్లేకుండా నడిచిన ప్రతి పాదానికీ ఆ ముళ్ళ కాయ పరిచయం. మన వైద్యంలో అది ముఖ్యంగా మూత్రం సాఫీగా రావడానికి, రాళ్ళకు చెప్పిన మందు. 1980లలో బల్గేరియా దాని సారంతో ట్రిబెస్టాన్ అనే బిళ్ళ చేసింది. అప్పటినుంచి ప్రపంచమంతా అది కండలు పెంచే మందుగా అమ్ముడైంది. 2007లో ఆస్ట్రేలియాలో 22 మంది రగ్బీ ఆటగాళ్ళ మీద 5 వారాలు పరీక్ష జరిగింది, రోజుకు 450 మిల్లీగ్రాములు. సాధన వల్ల అందరికీ బలం పెరిగింది. పల్లేరు తిన్నవాళ్ళకు అదనంగా ఏమీ రాలేదు. మన పెద్దలు ముఖ్యంగా చెప్పిన గుణాన్ని వదిలి, కండల మాటను ముందుకు తెచ్చింది బజారు. పాత వైద్యాన్ని తప్పుపట్టే ముందు, ఆ మాట పాత వైద్యం ఎంతవరకు అన్నదో చూడాలి.

బలానికి మూలిక ఒక ఎత్తయితే, రక్షణకు మూలిక మరో ఎత్తు. మొలతాడుకు కట్టిన వేరుముక్క, దండ చేతికి తాయెత్తు, గోదాలో దిగేముందు నుదుట విభూతి లేని మల్లుడు అరుదు. నైజీరియాలో యొరుబా జనం దగ్గర ఈ విద్య ఇంకా విస్తారమైనది. వాళ్ళ నమ్మకంలో ఆకులకు ఒసాన్యిన్ అనే దేవుడున్నాడు. కషాయాన్ని అగ్బో అంటారు. ఆకుకు తోడు ఒఫో అనే మంత్రోక్తి పలుకుతారు, ఆకు పేరులోని ధ్వనే ఆ మంత్రానికి ప్రాణం. కత్తి వేటు తగలకుండా కాపాడుతుందని నమ్మే ఒకిగ్బే అనే రక్ష వేరే ఉంది. కాల్చిన మూలికల పొడిని ఒంటిమీద సన్నటి గాట్లు పెట్టి రుద్దుతారు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ పియర్ వెర్జే వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఉండి, దీక్ష తీసుకుని, ఆ ఆకుల యోగాలను 1995లో పెద్ద పుస్తకంగా తెచ్చాడు. వాళ్ళకు గిడిగ్బో అనే కుస్తీ కూడా ఉంది. అక్కడా సాధనా మూలికా మంత్రమూ ఒకదాన్ని ఒకటి విడవవు.

తాయెత్తు మల్లుడికి ధైర్యమిస్తే ఇవ్వనీ. బెదురు తగ్గినవాడి చేయి నిలకడగా ఉంటుంది, అది కూడా బలమే. కాని తాయెత్తును తుపాకీ ముందు నిలబెట్టినప్పుడు ఏం జరిగిందో మన నేలకే తెలుసు. 1900లో అప్పటి విశాఖ జిల్లా కొండల్లో కొర్రవానివలసకు చెందిన కొర్ర మల్లయ్య తాను పాండవుల్లో ఒకడినన్నాడు. తన మనుషుల చేతుల్లో వెదురు కర్రలు తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్ళవుతాయని చెప్పాడు. జనం నమ్మి చేరారు. పోలీసులు కాల్చినప్పుడు తుపాకులు నీళ్ళు కాలేదు, మనుషులు చనిపోయారు. మరో అయిదేళ్ళకు, 1905లో, తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీద మాజీ మాజీ తిరుగుబాటు లేచింది. అక్కడ నీళ్ళలో ఆముదమూ చిరుధాన్యపు గింజలూ కలిపి, అది ఒంటికి పట్టిస్తే తూటా నీరవుతుందన్నారు. ఆ యుద్ధంలోనూ దాని వెంట వచ్చిన కరువులోనూ చనిపోయినవాళ్ళు లక్షల్లో ఉంటారని చరిత్రకారుల అంచనా. ఈ మనుషుల అవమానం నిజం, కోపం న్యాయం. వాళ్ళకు దొరికిన ఆయుధం మాత్రం మూలికకు లేని గుణం మీద నిలిచింది. వాళ్ళను గౌరవిస్తూనే ఈ మాట చెప్పాలి.

అలాంటి ప్రమాదమే మా చేలల్లో ఇప్పటికీ ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగూ తెలుగు నేల మీద ఉన్నవే. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. కాట్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊళ్ళో కాటుకు గుర్తొచ్చే మొదటి వేరు ఈశ్వరి. పేరే విషానికి విరుగుడన్నంత నమ్మకం. ఆ మొక్కలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సరు తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ ఆ ఆమ్లమున్న మూలికలను 2002లోనే రుజువైన క్యాన్సరు కారకాల జాబితాలో పెట్టింది. పాముకాటుకు మందు ఒక్కటే, ఆసుపత్రిలో ఎక్కించే విషహరణ ఇంజెక్షన్. కట్లు బిగించకుండా, కోయకుండా, కాటు పడిన అవయవాన్ని కదపకుండా మనిషిని చప్పున చేర్చాలి. గాయపాకును పరీక్షించి నిలుపుకున్న పెద్దల పద్ధతే ఈశ్వరిని వదిలేయమని కూడా చెబుతుంది.

ఈ మూలికల తెలివిలో ఎక్కువ పాలు ఎవరిదంటే యానాదులది, ఎరుకలవాళ్ళది. చేలకు కాపలా ఉండి, పీతలూ ఎలకలూ పట్టి, అడవి మొక్కలు ఏరిన యానాదుల మూలికల పరిజ్ఞానాన్ని 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణభారత కులాల మీద తెచ్చిన ఏడు సంపుటాల్లో నమోదు చేశాడు. శ్రీహరికోటలో వాళ్ళు సిరివేరు తవ్వారు, మందువేర్లూ తవ్వారు. మడ అడవిలోకి వెళ్ళే ఇలాంటి చేతులకు తిల్ల చెట్టు ఏదో తెలుసు. దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం. ఏ మొక్కను తాకకూడదో తెలియడం ఆత్మరక్షణలో మొదటి పాఠం. ఇంత తెలిసినవాళ్ళకు ఊరు కూలీ ఇచ్చింది గాని గురువు స్థానం ఇవ్వలేదు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది సర్కారు. బాపట్ల పక్కనే స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది ఆ లెక్కతోనే.

1990ల నుంచి రొయ్యల చెరువులు పెరిగి, నిజాంపట్నం, రేపల్లె వైపు బంజర్లూ డొంకలూ కుంచించుకుపోయాయి. వావిలి గుబురు ఉండేది డొంకల్లో, నల్లేరు పాకేది ముళ్ళదడుల మీద. దడి పోయి సిమెంటు గోడ వచ్చాక నల్లేరుకు ఎక్కడానికి చోటు లేదు. చెరువు గట్ల మీద కలుపుమందు కొట్టాక గాయపాకు కోయడం కూడా భయమే. మందు మొక్కను కుండీలో పెంచుకోవచ్చు గాని, ఏ మొక్క ఏ వానకు మొలుస్తుందో చూపించే నేల ఒకసారి పోతే తిరిగి రాదు.

అయినా చేయదగిన పని ఉంది, పెద్ద పని కూడా కాదు. ఊరి బడి ఆవరణలో ఓ మూల పది అడుగుల గోదా. జల్లించిన మన్ను, నూనె, పసుపు, వేపాకు. చుట్టూ ముళ్ళకంప దడి, దాని మీద నల్లేరు. జానెడు కాడ విరిచి గుచ్చితే చాలు, అది బతుకుతుంది. ఓ పక్క వావిలి, మరో పక్క మునగ. ఆడపిల్లలకు కర్రసాము ముందు నేర్పాలి. రాత్రి ట్యూషన్ నుంచి, బస్టాండు నుంచి ఒంటరిగా ఇంటికి నడిచేది వాళ్ళు. అడుగులు, మణికట్టు, కాపు, ఈ మూడూ ఓ ఏడాదిలో పట్టుబడతాయి. సాధన అయ్యాక చేతిలో ఓ సున్నుండ. వారంలో ఓ రోజు మొక్కలు గుర్తుపట్టడం నేర్పడానికి యానాది పెద్దను పిలవాలి, ఊరికే కాదు, టీచరుకు ఇచ్చినట్టే జీతమిచ్చి. ఆయన చెప్పింది పిల్లలు నోటుపుస్తకంలో రాయాలి, ఆయన పేరుతో. గోదాకయ్యే ఖర్చు మన్నూ ఓ డబ్బా నూనే. పంచాయతీ బడ్జెట్లో అసలు రాయాల్సింది వస్తాదు జీతం, మూలికల గురువు జీతం, ఈ రెండు పద్దులే.